ఢిల్లీ థింక్ ట్యాంకుల నివేదికలు: సైన్యానికి, నిఘా సంస్థలకు దగ్గరోళ్ళు రాసింది మనం ఎట్ల చదవాల?

గుత్తికోట | అనంతపురం | సోమవారం రాత్రి 9:40

అందరికీ నమస్కారం. నేను ఇక్కడ ఒక డిగ్రీ కాలేజీలో రాజనీతిశాస్త్రం చెప్తాను. సాయంత్రాలు గ్రూప్స్‌కు, సివిల్స్‌కు చదివే పిల్లలు ఇంటికి వస్తారు. పోయిన వారం ఒక పిల్లోడు సరిహద్దు భద్రత మీద వ్యాసం రాసుకొచ్చినాడు. బాగానే రాసినాడు. అయితే నాలుగు చోట్ల "ఒక స్వతంత్ర సంస్థ నివేదిక ప్రకారం" అని ఉంది. ఎవరప్పా ఆ స్వతంత్ర సంస్థ అని అడిగితే ఫోన్లో పీడీఎఫ్ తీసిచ్చినాడు. అట్టమీద సంస్థ ముద్ర, రచయిత పేరు. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో రచయిత పరిచయం: రిటైర్డ్ మేజర్ జనరల్. సంస్థ నడిచేది సైన్యం అండతో. "మరి స్వతంత్రం ఎట్లయితుంది మేడం?" అని వాడే అడిగినాడు. నాకు వెంటనే జవాబు తోచలేదు.

ఆ రాత్రి కూర్చోని ఒక పేజీ నోట్సు రాసుకున్నా. ఢిల్లీలో మూడు దళాలకూ తలా ఒక థింక్ ట్యాంకు, అంటే విధానాల మీద పరిశోధన చేసి నివేదికలు రాసే సంస్థ, ఉంది. వైమానిక దళం వైపు సెంటర్ ఫర్ ఎయిర్ పవర్ స్టడీస్ 2001లో వచ్చింది. సైన్యానికి సెంటర్ ఫర్ ల్యాండ్ వార్‌ఫేర్ స్టడీస్ 2004లో, నౌకాదళానికి నేషనల్ మారిటైమ్ ఫౌండేషన్ 2005లో. మూడు దళాలనూ కలిపి చూసే సెంటర్ ఫర్ జాయింట్ వార్‌ఫేర్ స్టడీస్ 2007లో. వీటన్నిటికీ పెద్దన్న ఐడీఎస్ఏ, అంటే ఇన్‌స్టిట్యూట్ ఫర్ డిఫెన్స్ స్టడీస్ అండ్ అనాలిసిస్. 1965 యుద్ధం ముగిసిన కొద్ది వారాలకే, నవంబరులో పెట్టినారు. 2020 నుంచి దానికి రక్షణ శాఖ మాజీ మంత్రి మనోహర్ పారికర్ పేరు. నడిచేది రక్షణ శాఖ గ్రాంటుతో. "స్వయంప్రతిపత్తి గల సంస్థ" అని వాళ్ళు రాసుకుంటారు. ప్రతి పత్రం కిందా "ఇవి రచయిత సొంత అభిప్రాయాలు, ప్రభుత్వానివి కావు" అనే ఒక వాక్యం ఉంటుంది.

వీళ్ళను తప్పుపట్టడానికి ఈ చర్చ మొదలుపెట్టలేదు. నా పిల్లలకు చదవడం నేర్పాల. అంతే. సైన్యంలో చేసినవాళ్ళు, పత్రికల్లో ఉన్నవాళ్ళు ఈ వేదికలో ఉన్నారని తెలుసు. మీకు తెలిసింది చెప్పండి.


సుబేదార్_కర్నూలు | కర్నూలు | సోమవారం రాత్రి 10:25

మేడం, నమస్తే. సైన్యంలో సందేశాలు చేరవేసే సిగ్నల్స్ విభాగంలో ఇరవై ఎనిమిదేండ్లు చేసి వచ్చినాను. నా మాట సూటిగా చెప్తా. దగ్గరుండేవాడికే లోపం కనపడుతుంది. ఊరవతల కూర్చున్నోడికి ఏం తెలుస్తుంది?

1999 కార్గిల్ యుద్ధమప్పుడు నేను నాయక్‌ని. ద్రాస్ వైపు కేబుల్ వేసే పని మాది. గ్లౌజు తీసి తీగ ముడివేస్తే చర్మం తీగకు అంటుకునేది. ఒకే గుట్ట మీద ఎవరున్నారని ఒక యూనిట్ ఒకటి చెప్తే ఇంకో యూనిట్ ఇంకోటి చెప్పేది. మా వైర్లలో పోయిన మాటలు మేమే వినేవాళ్ళం గదా, అది కండ్లారా చూసినాం. యుద్ధం అయిపోయినాక ఆ జులైలోనే ప్రభుత్వం కార్గిల్ సమీక్షా కమిటీ వేసింది. దానికి పెద్ద కె. సుబ్రహ్మణ్యం గారు. మీరు చెప్పిన ఐడీఎస్ఏకు రెండుసార్లు డైరెక్టర్. అంతకుముందు జాయింట్ ఇంటెలిజెన్స్ కమిటీకి అధ్యక్షుడు. మీ లెక్కన ఆయన కంటే లోపలి మనిషి ఎవరుంటారు? అయినా ఆయన కమిటీ ఏం రాసింది? మన నిఘా సంస్థలు ఒకరికి తెలిసింది ఇంకొకరికి చెప్పుకోలేదు, చొరబాటు మనల్ని పూర్తిగా అదాటున పట్టుకుంది అని రాసింది. ఆ నివేదిక 2000 ఫిబ్రవరిలో పార్లమెంటు ముందుకొచ్చింది. ఆ దారిలోనే 2002లో డిఫెన్స్ ఇంటెలిజెన్స్ ఏజెన్సీ వచ్చింది, తర్వాత సాంకేతిక నిఘా చూసే ఎన్‌టీఆర్ఓ వచ్చింది. బయటోడు రాసింటే ఇవి వచ్చేవా?

సైన్యానికి ఆలోచించే చోటు ఒకటి కావాల. కంటోన్మెంటులో పొద్దున పరేడ్, రాత్రి డ్యూటీ రోస్టర్, నడుమ ఆలోచించే తీరిక ఎవరికుంటుంది? రిటైరైన ఆఫీసరు ఒక గదిలో కూర్చోని నలభై ఏండ్ల అనుభవం కాగితం మీద పెడితే దాన్ని అనుమానంతో చూడొద్దని నా మనవి.


పెన్నేటి_ఇసుక | కడప | సోమవారం రాత్రి 11:10

సుబేదార్ గారూ, మీ కార్గిల్ మాటకు తిరుగులేదు. ఒక్కటి చేర్చాలి. పార్లమెంటు ముందుకొచ్చిన ఆ నివేదికలో కొన్ని భాగాలు భద్రత పేరుతో తీసేసి ఉన్నాయి. అంటే లోపలివాళ్ళు నిజం రాశారు, అందులో ఎంత మన దాకా రావాలన్నది కూడా లోపలివాళ్ళే తేల్చారు. నా బాధ అక్కడ.

దీనికి పెద్ద ఉదాహరణ అమెరికాలో ఉంది. ర్యాండ్ అనే సంస్థ. 1946లో అమెరికా ఆర్మీ ఎయిర్ ఫోర్సెస్ డగ్లస్ విమానాల కంపెనీతో ఒప్పందం చేసుకొని ప్రాజెక్ట్ ర్యాండ్ అని మొదలుపెట్టింది. 1948 మేలో అది విడి సంస్థ అయింది, కాలిఫోర్నియాలో శాంటా మోనికాలో. డబ్బు మాత్రం చాలాకాలం వైమానిక దళానిదే. ఈ తరహా సంస్థలకు మూలవిరాట్టు అదే అనుకోవచ్చు. అణుయుద్ధం లెక్కలు, వియత్నాంలో పట్టుబడిన గెరిల్లాలతో ఇంటర్వ్యూలు, అన్నీ అక్కడ జరిగాయి.

1967లో రక్షణ మంత్రి మెక్‌నమారా వియత్నాం యుద్ధంలోకి అమెరికా ఎట్లా దిగిందో చరిత్ర రాయించాడు. 47 సంపుటాలు, సుమారు 7,000 పేజీలు. ప్రభుత్వం బయట చెప్పేది ఒకటి, లోపల నమ్మేది ఇంకొకటి అని అందులో ప్రభుత్వ కాగితాలతోనే రుజువై ఉంది. దాని ప్రతి ఒకటి ర్యాండ్ బీరువాలో ఉండేది. అక్కడ పనిచేసే డేనియల్ ఎల్స్‌బర్గ్ 1969 అక్టోబరు నుంచి రాత్రిళ్ళు సంచిలో పెట్టుకొని బయటికి తెచ్చి జిరాక్స్ తీశాడు. అప్పటి జిరాక్స్ మిషన్, ఒక్కో పేజీ చేత్తో పెట్టాలి. 1971 జూన్ 13న న్యూయార్క్ టైమ్స్ వేసింది.

చూడండి, ఆ సంస్థలో నిజం తెలియక కాదు. తెలుసు. తాళం వేసి ఉంది. ఆ తాళం తీసినందుకు ఆయన మీద గూఢచర్యం కేసు పెట్టారు. ప్రభుత్వం వైపు అక్రమాలు బయటపడడంతో 1973లో న్యాయమూర్తి ఆ కేసు కొట్టేశారు. కాబట్టి దగ్గరగా ఉన్న సంస్థ నివేదిక చదివేటప్పుడు అందులో ఉన్నది అబద్ధమా అని నేను వెతకను. బీరువాలో ఏం మిగిలిందా అని ఆలోచిస్తాను.


ఆదోని_పత్తి | ఆదోని | మంగళవారం ఉదయం 6:15

మార్కెట్ యార్డుకు పోతూ చదివినా. దీనికీ మాకూ ఏం సంబంధమని మొదట అనుకున్నా. పత్తి దిగుబడి అంచనా కూడా ఇట్లే వస్తుంది గదా. కొనేవాళ్ళకు దగ్గరోళ్ళు అంచనా వేస్తే పంట ఎక్కువని వస్తుంది, ధర పడుతుంది. అబద్ధం ఏమీ రాయరు, ఏ చేను చూసినారన్నదే అసలు సంగతి. మిగతాది సాయంత్రం చదువుతా.


మంత్రాలయం_దారి | కర్నూలు | మంగళవారం ఉదయం 8:50

నాకు ఈ చర్చ నచ్చలేదు, ఉన్నది ఉన్నట్టు చెప్తున్నాను. సరిహద్దులో పిల్లలు ప్రాణాలిస్తుంటే వాళ్ళ పెద్దలు రాసిన కాగితాల మీద మనం ఇక్కడ ఫ్యాను కింద కూర్చొని అనుమానాలు పెంచుకోవడం ఏంటి? రష్యాలో, చైనాలో ఇట్లాంటి సంస్థలు ఉన్నాయి, వాళ్ళ దేశం కోసం పనిచేస్తాయి. మన సంస్థలు మన దేశం కోసం పనిచేస్తే తప్పేంటి? మా తమ్ముడు ఇప్పుడు రాజౌరీలో ఉన్నాడు. వాడి తరఫున మాట్లాడే గొంతు ఢిల్లీలో ఒకటి ఉండాలని నేను కోరుకుంటాను.


గుత్తికోట | అనంతపురం | మంగళవారం ఉదయం 9:30

మీ తమ్ముడు క్షేమంగా రావాల. మీ మాటలో నాకు కోపం కంటే భయం ఎక్కువ వినపడింది, అది నాకు అర్థమవుతుంది. నా అన్న కొడుకు కూడా బీఎస్ఎఫ్‌లో ఉన్నాడు.

కానీ ఒక్క మాట ఆలోచించండి. మీ తమ్ముడు వేసుకునే బూటు బాగలేదనుకోండి. ఆ బూటు కొన్న శాఖ డబ్బుతో నడిచే సంస్థ ఆ సంగతి ఎంత గట్టిగా రాస్తుంది? రాయొచ్చు, సుబ్రహ్మణ్యం గారు రాసినట్టు. రాయకపోవచ్చు. ఏదైందో తెలుసుకోవడం మీ తమ్ముడికే మేలు. చైనా పేరు ఎత్తినారు గాబట్టి చెప్తున్నా. బీజింగ్‌లో సీఐసీఐఆర్ అని పెద్ద పరిశోధనా సంస్థ ఉంది, నిఘా పనులు చూసే అక్కడి రాజ్య భద్రతా మంత్రిత్వ శాఖతో ముడిపడిన సంస్థ. రష్యాలో వ్యూహాత్మక అధ్యయన సంస్థ 2009 దాకా విదేశీ నిఘా సంస్థ ఎస్‌వీఆర్ కింద ఉండేది, ఆ తర్వాత అధ్యక్షుడి కార్యాలయం కిందికి పోయింది. 2017 నుంచి దాని అధిపతి ఫ్రాద్కోవ్, అంతకుముందు ఎస్‌వీఆర్‌కే అధిపతి. ఆ సంస్థల నివేదికలు వస్తే మనం ఏం చేస్తాం? ఎవరు రాయించినారో మొదట చూస్తాం. అదే కన్ను మన కాగితం మీద కూడా పెట్టమంటున్నా. దూరం పెట్టమని కాదు.


తాడిపత్రి_రాయి | అనంతపురం | మంగళవారం మధ్యాహ్నం 1:05

నేను పదిహేనేండ్లు పత్రికల డెస్కులో చేసినా. ఈ విషయంలో నా తప్పు కూడా ఉంది, ముందు అది చెప్పుకుంటా.

రాత్రి పదిన్నరకు ఏజెన్సీ కాపీ ఇంగ్లీషులో వస్తుంది. పదకొండుకు పేజీ పోవాల. అందులో "ఫలానా సంస్థలో సీనియర్ ఫెలో అయిన ఫలానా" అని రెండు లైన్ల పరిచయం ఉంటుంది. తెలుగులో ఆ రెండు లైన్లు తినేసి "నిపుణులు అంటున్నారు" అని రాసేస్తాం. స్థలం మిగులుతుంది, చదవడానికి తేలిక. నేనే కొన్ని వందల సార్లు రాసింటా. ఇంగ్లీషు చదివేవాడికి కనీసం సంస్థ పేరన్నా దొరుకుతుంది. తెలుగు చదివేవాడికి "నిపుణుడు" ఒక్కడే మిగుల్తాడు, ఊరూ పేరూ లేకుండా. మేడం క్లాసులో పిల్లోడు "స్వతంత్ర సంస్థ" అని రాసినాడంటే ఆ అలవాటు మా డెస్కుల నుంచే వచ్చింది.

డబ్బు దాచిపెట్టినప్పుడు ఎంత దూరం పోతుందో ఒకటి చెప్తా. వాషింగ్టన్‌లో కశ్మీరీ అమెరికన్ కౌన్సిల్ అని ఒకటుండేది. సమావేశాలు పెట్టేది, అమెరికా చట్టసభ సభ్యులను కలిసేది, చూడ్డానికి అక్కడి కశ్మీరీల గొంతు. దాన్ని నడిపిన గులాం నబీ ఫాయ్‌ని 2011 జులైలో ఎఫ్‌బీఐ పట్టుకుంది. పాకిస్తాన్ ఐఎస్ఐ నుంచి ఏండ్ల తరబడి కనీసం 35 లక్షల డాలర్లు అందినాయని తేలింది. ఆయనే కోర్టులో నేరం ఒప్పుకున్నాడు, 2012 మార్చిలో రెండేండ్ల శిక్ష పడింది. ఆ సమావేశాలకు మన దేశం నుంచి పోయి మాట్లాడొచ్చిన పేరున్నవాళ్ళు కూడా ఉన్నారు. పిలిచింది ఎవరో, ఖర్చు ఎవరిదో వాళ్ళకు తెలీదు. తెలిసింటే పోయేవాళ్ళా?

ఇంకో దిక్కు నుంచి కూడా జరిగింది. 1950లో బెర్లిన్‌లో మొదలైన కాంగ్రెస్ ఫర్ కల్చరల్ ఫ్రీడమ్ అనే సంస్థకు బొంబాయిలో కూడా కమిటీ ఉండేది. రచయితలు, ఆలోచనాపరులు, మంచి మంచి పేర్లు. దాని డబ్బు అమెరికా నిఘా సంస్థ సీఐఏదని 1966, 67లో బయటపడింది. అప్పటిదాకా నమ్మకంతో రాసినవాళ్ళ పరువు కూడా దాంతోపాటే పోయింది. పాపం వాళ్ళల్లో చాలామందికి ఆ డబ్బు సంగతే తెలీదు.

అందుకే రక్షణ శాఖ గ్రాంటు అని బాహాటంగా చెప్పుకునే సంస్థ మీద నాకు కోపం లేదు. చెప్పుకోనివాళ్ళ మీదే. ప్రైవేటు డబ్బైతే నయమా అంటే అదీ కాదు. 2016లో న్యూయార్క్ టైమ్స్ వాషింగ్టన్ థింక్ ట్యాంకుల మీద ఒక వరస కథనాలు వేసింది. డ్రోన్ల ఎగుమతి నిబంధనలు సడలించాలన్న సిఫార్సుల వెనక, ఆ పని చేసిన సీఎస్ఐఎస్ అనే సంస్థకు విరాళాలిచ్చే డ్రోన్ల కంపెనీలు ఉన్నాయని రాసింది. అది లాబీయింగ్ కాదని ఆ సంస్థ వాదించింది. నిజం ఎటున్నా, విరాళం సంగతి నివేదిక మొదటి పేజీలో ఉండాల గదా.


ఓర్వకల్లు_రాళ్ళు | ఓర్వకల్లు | మంగళవారం సాయంత్రం 7:20

డ్రోన్ అన్నారు గాబట్టి మా ఊరి మాట. మా మండలంలోనే రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ టెస్టింగ్ రేంజ్ ఉండాది. 2025 ఏప్రిల్ 13, ఆదివారం. 30 కిలోవాట్ల లేజర్‌తో డ్రోన్లను కూల్చి చూపించింది ఇక్కడే. జులైలో డ్రోన్ నుంచి వదిలే క్షిపణి పరీక్ష కూడా ఇక్కడే చేసినారు. మాకు గర్వంగానే ఉండాది. రాళ్ళు తప్ప ఏముంది ఇక్కడ అనేవాళ్ళు గదా మమ్మల్ని.

ఆ ఏప్రిల్ రాత్రి మా నాయన, నేను, పక్కింటి మామ కూర్చోని టీవీ చర్చ చూసినాం. నలుగురు నిపుణులు. ఇద్దరి పేర్ల కింద ఢిల్లీ సంస్థల పేర్లు. మిగిలిన ఇద్దరి కింద "వ్యూహాత్మక నిపుణుడు" అని మాత్రమే. చైనా దగ్గర ఎన్ని ఉన్నాయి, పాకిస్తాన్ ఏమంటుంది, ఇంకా ఎన్ని కొనాల, ఎన్ని కోట్లు కావాల, ఇదే ముప్పావు గంట. మా నాయన గొర్లు మేపుతాడు. చర్చ అయిపోయినాక ఒక మాట అన్నాడు: "మనూళ్ళో ఐటీఐ చదివిన పిల్లోళ్ళకు అందులో ఏమన్నా పని ఉంటుందా, ఎవురూ అడగలేదే?"

వాళ్ళు చెప్పింది తప్పని నేను అనడం లేదు. లెక్కలు కరెక్టే అయ్యింటాయి. డ్రోన్ సిటీ వస్తుందని ప్రభుత్వం చెప్పింది, మంచిదే. మా నాయన అడిగిన ప్రశ్నకు మాత్రం ఏ నివేదికలోనూ పేజీ లేదు. అదొకటే నా బాధ.


బ్రౌన్_బంగళా | కడప | మంగళవారం రాత్రి 10:45

ఓర్వకల్లు తమ్ముడి మాట చదివినాక పడుకోబుద్ధి కాలేదు. మీ నాయన గారు అసలు సంగతి పట్టుకున్నారు. ఇది ఇప్పటి సమస్య కాదు, మన దత్తమండలాల మట్టిలోనే ఉంది. కొంచెం పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

1800లో నిజాం మన జిల్లాలను కుంఫిణీకి, అంటే ఈస్టిండియా కంపెనీకి అప్పగించినాక మొదట వచ్చిన పెద్ద కలెక్టరు థామస్ మన్రో, సైనికాధికారి. పాలెగాళ్ళను అణిచి, భూమిని కొలిచి, రైతువారీ శిస్తు పెట్టింది ఆయనే. ఆ కాలంలోనే కాలిన్ మెకంజీ వచ్చినాడు. ఆయనా మద్రాసు ఇంజనీర్ల దళంలో సైనికాధికారి, శ్రీరంగపట్నం ముట్టడిలో పాల్గొన్నవాడు. పని సర్వే. ఆయనకు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి అన్నదమ్ములు తోడు దొరికినారు. వాళ్ళ మనుషులు ఊరూరా తిరిగి, కరణాల దగ్గర కూర్చోని, కవిలెలు, అంటే పాత లెక్కల పుస్తకాలు విప్పించి రాయించిన ఊళ్ళ చరిత్రలే కైఫీయత్తులు. 1815లో మెకంజీ దేశం మొత్తానికి మొదటి సర్వేయర్ జనరల్ అయినాడు.

నేను బ్రౌన్ గ్రంథాలయంలో మా ఊరి కైఫీయత్తు చదివిన రోజు నాకు ఇప్పటికీ గుర్తు. మధ్యాహ్నం కిటికీ ఎండ బల్లమీద పడుతోంది. మా ఊరి చెరువు ఎవరు తవ్వించినారో, గుడి మాన్యం ఎంతో, ఏ పాలెగాడు ఎప్పుడొచ్చినాడో వరసగా ఉంది. మా తాత చెప్పిన చెరువు పేరు ఆ కాగితం మీద కనపడితే కండ్లలో నీళ్ళు తిరిగినాయి. ఒక సైనిక సర్వే నాకు మా ఊరిని తిరిగిచ్చింది. ఆ రుణం నేను కాదనను.

రెండోసారి చదివినప్పుడు వేరేది కనపడింది. చెరువుంది, చెరువు కింద ఆయకట్టు ఉంది, కోట ఉంది, పాలెగాడి వంశం, దానాలు, శిస్తు ఉన్నాయి. కరువొచ్చిన ఏడు జనం ఏం తిన్నారని లేదు. ఆడవాళ్ళు ఏ పని చేసినారని లేదు. చెరువులో పూడిక తీసిన ఉప్పరోళ్ళ పేరు ఒక్కటి లేదు. రాసినవాళ్ళు అబద్ధం రాయలేదు. అడిగినవాళ్ళకు కావలసింది రాసినారు. జవాబు కరణంది, ప్రశ్న మాత్రం కుంఫిణీది.

సిమ్లాలో 1870లో యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ అనే సైనిక అధ్యయన సంస్థ పెట్టిన బ్రిటిష్ సైనికాధికారి మెక్‌గ్రెగర్ కూడా అదే దారివాడు, తర్వాత సైన్యంలో నిఘా విభాగం చూసినాడు. ఆయన పేరుతో 1888 నుంచి ఒక పతకం ఉంది. దేనికనుకున్నారు? కొత్త ప్రాంతాలు తిరిగి సైన్యానికి సమాచారం తెచ్చినవాళ్ళకు. ఆ సంస్థ ఇప్పటికీ ఢిల్లీలో ఉంది, మన దేశంలో ఈ తరహా సంస్థల్లో అదే అందరికంటే పాతది.

కాబట్టి పెన్నేటి తమ్ముడు బీరువా సంగతి చెప్పినాడు, తాడిపత్రి అన్న డబ్బు సంగతి చెప్పినాడు. రెండూ ఒప్పుకుంటా. నాకు మాత్రం అన్నిటికంటే పెద్దది ప్రశ్న ఎవరు వేసినారన్నదే. డబ్బు పెట్టినవాడు జవాబు మార్చమని చెప్పే అవసరం ఎప్పుడోగాని రాదు. ఏది అడగాలో ముందే తేలిపోయి ఉంటే చాలు.


సుబేదార్_కర్నూలు | కర్నూలు | మంగళవారం రాత్రి 11:30

బ్రౌన్ బంగళా సార్, నేను ఈ పోస్టు మూడుసార్లు చదివినా. సిగ్నల్స్‌లో మాకు ఒక పాఠం ఉండేది. సందేశం మోసేవాడు అందులో మాట మార్చకూడదు. మేం మార్చలేదు. ఏ సందేశం పంపాలో మేం ఎప్పుడూ తేల్చలేదు. మీరు చెప్పేది అదే గదా. నిన్నటి నా మాట వెనక్కి తీసుకోను, దగ్గరోడికే లోపం కనపడుతుంది. దాని పక్కన మీ మాట కూడా పెట్టుకుంటా.


పేరు_వద్దు | కర్నూలు జిల్లా | బుధవారం ఉదయం 5:50

ఎక్కడ పనిచేశానో చెప్పను. కేంద్రంలో ఒక భద్రతా సంబంధ సంస్థలో చేసి రిటైరయ్యాను. రాసేటప్పుడు నాలాంటివాళ్ళ చెయ్యి ఎందుకు ఆగుతుందో మాత్రం మీకు తెలియాలి.

2021 మే 31న కేంద్ర ఉద్యోగుల పెన్షన్ నిబంధనలు సవరించారు. సమాచార హక్కు చట్టం నుంచి మినహాయింపు ఉన్న సంస్థల జాబితాలో, అంటే దాని రెండో షెడ్యూలులో ఐబీ, రా, డీఆర్‌డీఓ, ఈడీ, బీఎస్ఎఫ్, సీఆర్‌పీఎఫ్ వంటి సంస్థలు ఉన్నాయి. వాటిలో పనిచేసినవాళ్ళు రిటైరయ్యాక కూడా ఆ సంస్థ పరిధిలోని విషయం మీద ఏమైనా ప్రచురించాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. రహస్యాలు మాత్రమే కాదు, అక్కడ పనిచేయడం వల్ల వచ్చిన జ్ఞానం, నైపుణ్యం కూడా అందులోకి వస్తాయి. తప్పితే పెన్షన్ ఆపవచ్చని మా చేతే హామీ రాయించుకుంటారు. సైన్యం పెన్షన్ నిబంధనలు వేరు కాబట్టి సుబేదార్ గారికి ఇది వర్తించదు.

దేశ రహస్యాలు కాపాడాలి. ఆ ప్రమాణం నేను ఇప్పటికీ పాటిస్తాను. కానీ దీనివల్ల ఏమవుతుందో చూడండి. అనుమతి అడిగితే మెచ్చుకొనేవాడి పుస్తకానికి తొందరగా వస్తుంది, లోపం చెప్పేవాడికి ఆలస్యమవుతుంది అనే భయం మనసులో ఉంటుంది. భయం నిజమైనా కాకపోయినా పెన్ను మూతపడుతుంది. నా టేబుల్ సొరుగులో 60 పేజీల చేతిరాత ఉంది. మా పాపకు కూడా చూపించలేదు. టీవీల్లో, సంస్థల్లో వినపడే మాజీ అధికారుల గొంతులు చాలా వరకు అనుమతి దొరికే మాటలే. వాళ్ళు అబద్ధాలకోరులని కాదు. మౌనంగా ఉన్నవాళ్ళను మీరు లెక్కలో వేసుకోలేరు, అంతే.


పెన్నేటి_ఇసుక | కడప | బుధవారం ఉదయం 8:15

పేరు వద్దన్న సార్, ఆ 60 పేజీలు జాగ్రత్తగా ఉంచండి. ఏదో ఒకరోజు మా తరానికి కావాలి.

మనుషులు అటూ ఇటూ మారడం కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఐబీ డైరెక్టరుగా రిటైరైన అజిత్ దోవల్ 2009లో వివేకానంద ఇంటర్నేషనల్ ఫౌండేషన్ అనే ఢిల్లీ థింక్ ట్యాంకుకు తొలి డైరెక్టర్, 2014 మే నుంచి జాతీయ భద్రతా సలహాదారు. అరవింద్ గుప్తా ఐడీఎస్ఏకు అధిపతి, అక్కడి నుంచి ఉప జాతీయ భద్రతా సలహాదారు, 2017లో మళ్ళీ అదే వివేకానంద ఫౌండేషన్‌కు డైరెక్టర్. ఇది నేరమేమీ కాదు, వాళ్ళ అనుభవం ప్రభుత్వానికి పనికొస్తుంది. నాలాంటి విద్యార్థికి మాత్రం ఒకటి అర్థమైంది. ఇవాళ ఈ సంస్థ పత్రంలో ఉన్న ఆలోచన రేపు ప్రభుత్వ విధానం కావచ్చు. అందుకని ఇంకా శ్రద్ధగా చదవాలి, పక్కన పడేయకూడదు.


మంత్రాలయం_దారి | కర్నూలు | బుధవారం మధ్యాహ్నం 2:40

నిన్న పొద్దున గట్టిగా మాట్లాడినాను. రాత్రి తమ్ముడితో ఫోన్లో ఈ సంగతి చెప్పినా. వాడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "మమ్మల్ని ఎవరైనా అడిగితే చెప్పేవి చాలా ఉన్నాయక్కా" అన్నాడు. ఆ మాట ఇక్కడ పెట్టాలనిపించింది.


గుత్తికోట | అనంతపురం | బుధవారం రాత్రి 9:15

ఇయ్యాల సాయంత్రం పిల్లలతో చేసినాం. కాలేజీ ముందర జిరాక్స్ షాపులో ఆ నివేదిక 38 పేజీలు తీయించుకొచ్చి నేల మీద పరిచినాం. ముగ్గురు పిల్లలు, మూడు రంగుల పెన్నులు. ఎర్రది: ఈ వాక్యానికి ఆధారం ఏంది? చూస్తే పేజీల కింద ఇచ్చిన ఆధారాల్లో (ఫుట్‌నోట్లలో) సగానికి పైన అదే సంస్థ పాత పత్రాలు, మంత్రిత్వ శాఖ ప్రకటనలు. తమ పుస్తకానికి తామే సాక్ష్యం. ఆకుపచ్చది: రచయిత సొంత కండ్లతో చూసి రాసినట్టుంది అనిపించే చోట్లు. ఇవి నేను అనుకున్నదానికంటే చాలా ఉన్నాయి. ఒక కనుమ దగ్గర రోడ్డు గురించి, మంచులో బండి ఎక్కడ ఆగిపోతుందో రాసిన రెండు పేరాలు ఏ పత్రికలోనూ దొరకవు. సుబేదార్ గారి మాట ఆకుపచ్చ పెన్నులో కనపడింది.

నీలం పెన్ను ఓర్వకల్లు పెద్దాయన కోసం. ఇందులో ఎవరూ అడగని ప్రశ్న ఏంది? ఒక అమ్మాయి అంచులో రాసింది: "ఆ రోడ్డు వేయడానికి జార్ఖండ్ నుంచి వచ్చిన కూలీలు ఎవరు, వాళ్ళకు ఏమైనా అయితే ఎవరు చూస్తారు?" ఇంకొకడు రాసినాడు: "ఆ లోయలో ఉండేవాళ్ళు ఏమంటున్నారు?" 38 పేజీల్లో లోయ ఎత్తు ఉంది, ఉష్ణోగ్రత ఉంది, ఒక్క గ్రామస్తుడి మాట లేదు.

తెలుగులో ఇట్లాంటి నివేదికలను పేరాపేరాకూ విడదీసి చదివి పెట్టే చోటు ఒకటి కావాలనిపించింది. తాడిపత్రి తమ్ముడూ, డెస్కులో నీ తర్వాత వచ్చిన పిల్లలతో ఒకసారి మాట్లాడతావా?


తాడిపత్రి_రాయి | అనంతపురం | బుధవారం రాత్రి 9:50

మాట్లాడతా అక్కా. ఒకటే అడుగుతా వాళ్ళను. "నిపుణులు" అని ఒట్టిగా రాయొద్దు, సంస్థ పేరు, రచయిత మాజీ హోదా రెండూ ఉంచమని. ఆరు పదాలు. అంత స్థలం ఏ పేజీలోనైనా దొరుకుతుంది.


సుబేదార్_కర్నూలు | కర్నూలు | బుధవారం రాత్రి 10:05

మేడం, ఆ కనుమ రోడ్డు పేరాలు ఫోటో తీసి పెట్టండి. ఆ దారిలో నేను కేబుల్ వేసినా. బండి ఆగే చోటు వాళ్ళు రాసిందేనా, ఇంకో మలుపు ముందరా, చూసి చెప్తా.


కొత్త_పలక | అనంతపురం | గురువారం ఉదయం 6:30

నేనే మేడం, ఆ వ్యాసం రాసిన పిల్లోడిని. రాత్రి మళ్ళీ రాసినా. "ఒక స్వతంత్ర సంస్థ నివేదిక ప్రకారం" తీసేసి "సైన్యం అండతో నడిచే సంస్థలో ఒక రిటైర్డ్ మేజర్ జనరల్ రాసిన నివేదిక ప్రకారం" అని పెట్టినా. నాలుగు చోట్లా. పదాల పరిమితి దాటిపోయింది. మొదటి పేరాలో దేశభక్తి మీద రాసిన మూడు వాక్యాలు తీసేస్తే సరిపోయింది. చివర్లో లోయలో జనం గురించి ఒక వాక్యం కూడా పెట్టినా, దానికి ఆధారం మాత్రం నాకు ఎక్కడా దొరకలేదు. ఆధారం లేకుండా ఉంచొచ్చా?


గుత్తికోట | అనంతపురం | గురువారం ఉదయం 7:00

వాక్యంగా వద్దు నాయనా. ప్రశ్నగా ఉంచు. సాయంత్రం తీసుకురా.